కలం ఒకటే, జీతాలు వేరు



ఈ రోజు అంబాజీపేట మార్కెట్టులో కొబ్బరికాయ ధర ఎంత? ఎవరిని అడిగినా చెబుతారు. దింపు తీసేవాళ్లు చెబుతారు. వలుపు పని చేసేవాళ్లు చెబుతారు. కాయలు తోలే బండివాళ్లు చెబుతారు. రావులపాలెంలో అరటిగెల ధర కూడా అంతే. దాచినా దాగదు.

మరి అమలాపురంలో ఒక కొట్టులో లెక్కలు రాసే అమ్మాయికి జీతం ఎంత? ఈ మాట అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు. ఇచ్చే షావుకారు చెప్పడు. పుచ్చుకునే అమ్మాయీ చెప్పదు. "ఏదోనండి, ఇస్తున్నారండి" అని ఊరుకుంటుంది.

కాయ ధర తెలియకపోతే రైతు మోసపోతాడు. జీతం ధర తెలియకపోతే పనిచేసేవాళ్లు మోసపోతారు. ఇప్పుడు మన పిల్లలు చదువుకుంటున్నారు. డిగ్రీలు చేస్తున్నారు. కంప్యూటరు నేర్చుకుంటున్నారు. రేపు వాళ్లు ఏదో ఒక ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆ కుర్చీకి ధర ఎంత? చోటు మారితే ఆ ధర ఎందుకు మారుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

గుమాస్తా అంటే ఎవరు?

కాగితం మీద పని చేసేవారు గుమాస్తా. వచ్చిన సరుకు రాస్తారు. పోయిన సరుకు రాస్తారు. డబ్బు లెక్క చూస్తారు. ఉత్తరాలు తయారు చేస్తారు. బిల్లులు కొడతారు. పూర్వం చిట్టా, ఆవర్జా పుస్తకాలు రాసేవారు. ఇప్పుడు ఎక్కువ పని కంప్యూటరు మీదే.

పేర్లు మాత్రం చాలా ఉన్నాయి. రైసుమిల్లులో గుమాస్తా అంటారు. బ్యాంకులో క్లర్కు అంటారు. కలెక్టరు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు అంటారు. పోస్టాఫీసులో పోస్టల్ అసిస్టెంటు అంటారు. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు అంటారు. ఆసుపత్రిలో, కాలేజీలో ఆఫీసు అసిస్టెంటు అంటారు.

పేరు ఏదైనా పని దాదాపు ఒకటే. రాయాలి, లెక్క చూడాలి, కాగితం జాగ్రత్త చేయాలి. అయినా జీతాలు ఒకటి కావు.

కొన్ని అంకెలు చూద్దాం

మనం అంకెలు నేర్చుకున్నాం కదా. ఇక్కడ వాటితో పని ఉంది. నెమ్మదిగా చదవండి.

బ్యాంకు క్లర్కు: ఉద్యోగంలో చేరిన రోజున మూల జీతం నెలకు 24,050 రూపాయలు. దీన్ని 2024 మార్చి 8న కుదిరిన ఒప్పందంలో నిర్ణయించారు.

రాష్ట్ర ప్రభుత్వ జూనియర్ అసిస్టెంటు: మూల జీతం 25,220 రూపాయల దగ్గర మొదలవుతుంది. ఇది ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన స్కేలు.

పోస్టల్ అసిస్టెంటు: మూల జీతం 25,500 రూపాయల దగ్గర మొదలు. ఇది కేంద్ర ప్రభుత్వ 7వ వేతన సంఘం స్కేలు. 2016 జనవరి 1 నుంచి అమలైంది.

ఈ ముగ్గురికీ మూల జీతం మీద కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం కూడా వస్తాయి.

ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. ప్రభుత్వ ఆఫీసుల్లోనే ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేసేవారున్నారు. వాళ్లలో జూనియర్ అసిస్టెంటు, డేటా ఎంట్రీ ఆపరేటరు వంటివారికి 2022 జనవరిలో నెలకు 18,500 రూపాయలు ఖరారు చేశారు. అది మొత్తం జీతం. దాని మీద వేరే భత్యాలు ఉండవు.

మన డ్వాక్రా సంఘాల లెక్కలు రాసే వీవోఏ అక్కను చూడండి. ఆమెకు 2019లో నెలకు 10,000 రూపాయలు చేశారు. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు.

ఇక కొబ్బరి కొట్లు, బట్టల దుకాణాలు, చిన్న ఆసుపత్రులు, చిన్న ప్రైవేటు బడులు ఉన్నాయి. చాలా చోట్ల అక్కడ రాసి పెట్టిన స్కేలే లేదు. షావుకారు అన్నదే జీతం.

చూశారా! అందరి చేతిలోనూ కలం ఒకటే. జీతాలు మాత్రం వేరు. ఎందుకని?

మొదటి కారణం: జీతం ఇచ్చేది ఎవరు?

కొబ్బరి వ్యాపారం చూద్దాం. ధర ఒక నెల పెరుగుతుంది. ఇంకో నెల పడిపోతుంది. తుపాను వస్తే తోట పడిపోతుంది. 1996 నవంబరు తుపాను మన కోనసీమలో ఎన్ని చెట్లను పడగొట్టిందో పెద్దవాళ్లకు గుర్తే. ఇలాంటి వ్యాపారంలో మిగులు ప్రతి నెలా ఒకలా ఉండదు. అందుకని షావుకారు జీతం పెంచడానికి వెనకాడతాడు. పెంచితే మళ్లీ తగ్గించడం కష్టం అనుకుంటాడు.

ఇప్పుడు గ్యాసు పరిశ్రమ చూద్దాం. మన రాజోలు తాలూకాలో తాటిపాక ఉంది. అక్కడ ఓఎన్‌జీసీ వారి పని ఉంది. నేల లోపలి నుంచి గ్యాసు, చమురు తీస్తారు. యంత్రాలకు, గొట్టాలకు కోట్ల రూపాయలు ఖర్చవుతాయి. ఆ ఖర్చు పక్కన గుమాస్తా జీతం చాలా చిన్నది. దాన్ని కొంచెం పెంచినా కంపెనీకి బరువు కాదు. లెక్కలో తప్పు వస్తే మాత్రం నష్టం పెద్దది. అందుకే అలాంటి పరిశ్రమల్లో పర్మినెంటు ఉద్యోగికి మంచి జీతం ఉంటుంది.

కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పెద్ద కంపెనీ గేటు లోపల పనిచేసే అందరూ ఆ కంపెనీ ఉద్యోగులు కారు. కొందరు కాంట్రాక్టరు మనుషులు. వాళ్ల జీతం ఇచ్చేది కాంట్రాక్టరు. కాబట్టి "ఎక్కడ పని?" అని అడిగితే చాలదు. "జీతం ఎవరిస్తారు?" అని కూడా అడగాలి.

రెండో కారణం: కలిసి అడిగేవారు ఉన్నారా?

బ్యాంకు క్లర్కుల సంగతి చూద్దాం. రాజోలులో పనిచేసినా, బొంబాయిలో పనిచేసినా స్కేలు ఒకటే. ఇది ఎలా సాధ్యమైంది? దేశమంతటా బ్యాంకు ఉద్యోగులకు సంఘాలు ఉన్నాయి. ఆ సంఘాలు బ్యాంకుల యాజమాన్యాలతో కూర్చుని మాట్లాడతాయి. కుదిరింది కాగితం మీద రాసుకుంటాయి. 1966లో ఇలాంటి మొదటి ఒప్పందం జరిగింది. 2024లో జరిగింది 12వ ఒప్పందం.

ఇప్పుడు మన ఊరి బట్టల దుకాణం చూడండి. అక్కడ లెక్కలు రాసే అమ్మాయి ఒక్కతే. పక్క దుకాణంలో ఇంకో అమ్మాయి ఉంది. ఈమె జీతం ఆమెకు తెలియదు. ఆమె జీతం ఈమెకు తెలియదు. ఒక్కొక్కరు వేరువేరుగా షావుకారు ముందు నిలబడతారు.

డ్వాక్రా సంఘంలో మనం ఏం నేర్చుకున్నాం? ఒక్కరు వెళ్లి అప్పు అడిగితే బ్యాంకు మాట వినదు. 10 మంది కలిసి వెళితే కుర్చీ వేస్తుంది. జీతం సంగతీ అంతే.

మూడో కారణం: కాగితం మీద ఏం రాసి ఉంది?

తపాలా శాఖనే చూద్దాం. పట్నం పోస్టాఫీసులో పోస్టల్ అసిస్టెంటు ఉంటారు. పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరు ఉంటారు. ఇద్దరూ ఒకే శాఖ కోసం పనిచేస్తారు. ఇద్దరూ పొదుపు డబ్బు తీసుకుంటారు, పాసుబుక్కు చూస్తారు, ఉత్తరాల లెక్క రాస్తారు. అసిస్టెంటుకు మొదటి మూల జీతం 25,500. పల్లె పోస్టుమాస్టరు కాగితం మీద గ్రామీణ డాక్ సేవకులు. రోజుకు 4 గంటల పని లెక్కన 2018లో వారికి మొదటి వేతనం 12,000 చేశారు. దాని మీద కరువు భత్యం ఉంటుంది.

ఇంకో ఉదాహరణ. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. మన పిల్లలు చాలామంది వాటిలో చేరారు. మొదట నెలకు 15,000 రూపాయలు ఇచ్చారు. 2022లో ప్రొబేషన్ పూర్తయినవారిని స్కేలులోకి తెచ్చారు. డిజిటల్ అసిస్టెంటు మూల జీతం 22,460 దగ్గర మొదలైంది. కుర్చీ మారలేదు. కంప్యూటరు మారలేదు. పనిచేసే మనిషీ మారలేదు. మారింది ఏమిటి? కాగితం మీద హోదా మారింది. దానితో జీతం మారింది.

అందుకే చదువు కావాలి అంటాం. కాగితం మీద ఉన్న ఒక్క మాట నెలకు వేల రూపాయల తేడా తెస్తుంది.

నాలుగో కారణం: ఏ ఊళ్లో పని?

పట్నంలో ఇంటి అద్దె ఎక్కువ. కాబట్టి ప్రభుత్వం ఊరిని బట్టి ఇంటి అద్దె భత్యం ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వం ఊళ్లను 3 రకాలుగా విడగొట్టింది. హైదరాబాదు మొదటి రకం. విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, నెల్లూరు రెండో రకం. మన అమలాపురం, రాజోలు, కొత్తపేట మూడో రకం.

2024 జనవరి లెక్క వేద్దాం. అప్పుడు కరువు భత్యం మూల జీతంలో 50 శాతం. అంటే నూటికి 50. ఇంటి అద్దె భత్యం హైదరాబాదులో 30 శాతం, విశాఖలో 20 శాతం, మన దగ్గర 10 శాతం.

పోస్టల్ అసిస్టెంటు మూల జీతం 25,500.
కరువు భత్యం 12,750.
అమలాపురంలో ఇంటి అద్దె భత్యం 2,550. మొత్తం 40,800.
విశాఖలో ఇంటి అద్దె భత్యం 5,100. మొత్తం 43,350.
హైదరాబాదులో ఇంటి అద్దె భత్యం 7,650. మొత్తం 45,900.

అమలాపురానికీ హైదరాబాదుకూ తేడా ఎంత? 5,100 రూపాయలు. ఒక్క పనికి, ఒక్క హోదాకు, ఊరు మారితే వచ్చిన తేడా ఇది.

కూలి పనుల కనీస వేతనంలోనూ ఊరి లెక్క ఉంది. కేంద్రం చేతిలో ఉన్న పనులకు ప్రాంతాలను ఏ, బీ, సీ అని విడగొట్టారు. నిర్మాణం, సరుకు ఎత్తడం దించడం వంటి పనులు అందులో ఉన్నాయి. ఆ పనుల్లో గుమాస్తాను నైపుణ్యం ఉన్న పనివారితో సమానంగా లెక్కిస్తారు. 2024 అక్టోబరు 1 నుంచి ఏ ప్రాంతంలో గుమాస్తాకు రోజుకు 954 రూపాయలు ఖరారు చేశారు. 26 రోజులకు 24,804 రూపాయలు. హైదరాబాదు ఏ ప్రాంతం. బీ, సీ ప్రాంతాల్లో ఇంతకన్నా తక్కువ.

మన రాష్ట్ర ప్రభుత్వం కూడా ఒక్కో రకం పనికి విడిగా కనీస వేతనం ప్రకటిస్తూ వచ్చింది. రైసుమిల్లుకు ఒక పట్టిక. దుకాణాలకు ఒక పట్టిక. సినిమా హాలుకు ఒక పట్టిక. ఆసుపత్రికి ఒక పట్టిక. అందుకే రెండు చోట్లా గుమాస్తాయే అయినా కనీస వేతనం ఒకటి కాకపోవచ్చు. ధరలు పెరిగే కొద్దీ ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఇందులోని కరువు భత్యం మారుతుంది.

దూరపు కొండలు నునుపు

ప్రైవేటు ఉద్యోగాల్లో ఊరి తేడా ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. హైదరాబాదులో కంపెనీలు ఎక్కువ. ఒకరు తక్కువ ఇస్తే పిల్లలు ఇంకో చోటికి పోతారు. కాబట్టి యజమాని జీతం పెంచక తప్పదు. కోనసీమలో చదువుకున్నవాళ్లు ఎక్కువ, ఆఫీసులు తక్కువ. "నువ్వు కాకపోతే ఇంకొకరు" అనే మాట ఇక్కడ తేలిగ్గా వస్తుంది.

అయితే పట్నం జీతం వినగానే పొంగిపోకూడదు. లెక్క వేయాలి. ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఉన్నారనుకుందాం. ఈ అంకెలు మనం లెక్క కోసం వేసుకున్నవి.

అక్క అమలాపురంలో ఒక కొట్టులో చేరింది. జీతం 9,000. బస్సుకు 1,000. పై ఖర్చులకు 1,000. తిండి, పడక ఇంట్లోనే. మిగిలింది 7,000.

చెల్లెలు హైదరాబాదులో ఒక ఆఫీసులో చేరింది. జీతం 18,000. అందులో మూల జీతం 10,000. పీఎఫ్ కింద నూటికి 12 చొప్పున 1,200 కోత. ఈఎస్ఐ కింద 135 కోత. చేతికి వచ్చింది 16,665. హాస్టలుకు, తిండికి 7,000. సిటీ బస్సుకు 1,300. పై ఖర్చులకు 1,200. ఊరికి రాకపోకలకు 1,500. ఖర్చు మొత్తం 11,000. మిగిలింది 5,665.

జీతం రెట్టింపు. మిగులు మాత్రం తక్కువ! అయితే అక్క ఉద్యోగమే మేలా? తొందరపడకండి. లెక్క ఇంకా అయిపోలేదు.

చెల్లెలి పీఎఫ్ కోత 1,200 ఎక్కడికీ పోలేదు. ఆమె పేరున జమ అయింది. యజమాని కూడా ఇంకో 1,200 కట్టాలి. అందులో కొంత పీఎఫ్‌కు, కొంత పింఛనుకు పోతుంది. రెండూ కలిపి నెలకు 2,400. జబ్బు చేస్తే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. అక్కకు ఇవేమీ లేవు. 5,665కు 2,400 కలిపితే 8,065. ఇప్పుడు చెల్లెలి లెక్క అక్కను దాటింది.

ఇంకో వైపు కూడా చూడాలి. అక్క సాయంత్రానికి ఇంటికి వస్తుంది. అమ్మకు జ్వరం వస్తే పక్కనే ఉంటుంది. దీనికి ధర కట్టలేం. చెల్లెలికి పెద్ద ఆఫీసు పని అలవాటు అవుతుంది. రెండేళ్ల తరువాత ఇంకా మంచి జీతం అడగగలదు. దీనికీ ఈ రోజు ధర కట్టలేం.

కాబట్టి జీతం అంకె ఒక్కటే చూడకండి. చేతికి ఎంత వస్తుంది? ఖర్చు ఎంత? పేరున జమ ఎంత? ఈ మూడూ చూసి ఇంటిల్లిపాదీ మాట్లాడుకోండి. పిల్లను కూడా కూర్చోబెట్టి మాట్లాడండి.

"ఆడపిల్లే కదా!"

జీతం తగ్గించడానికి ఇంకో మాట వాడతారు. "ఆడపిల్లే కదండీ, ఊళ్లోనే ఉంటుంది కదండీ, ఖాళీగా ఉండేకన్నా నయం కదండీ" అంటారు. వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ దాని అర్థం ఏమిటి? ఈ పిల్ల ఊరు దాటి పోలేదు, కాబట్టి ఎంతిచ్చినా చేస్తుంది అని అర్థం.

మనం కూడా ఒక్కోసారి ఇదే మాట అంటాం. "చీరలకు, సబ్బులకు వస్తే చాలు" అంటాం. మగపిల్లవాడి జీతం గురించి అలా అంటామా?

ఆడవారికీ మగవారికీ ఒకే పనికి ఒకే జీతం ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. ఇప్పుడు ఆ మాట వేతనాల కోడ్ అనే చట్టంలో ఉంది. పార్లమెంటు దీన్ని 2019లో చేసింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం కూడా ఇందులో కలిసిపోయింది.

చట్టం ఏం చెబుతుంది?

ఈ చట్టంలోని ముఖ్యమైన మాటలు ఇవి.

ప్రభుత్వం చెప్పిన కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వకూడదు. "నేనే ఒప్పుకున్నాను" అని పనిమనిషి సంతకం పెట్టినా సరే, అది చెల్లదు.

నెల జీతం తరువాతి నెల 7వ తేదీ లోపల ఇవ్వాలి.

పని మానేసినా, మాన్పించినా రావలసిన జీతం 2 పనిదినాల్లో ఇవ్వాలి.

జీతం చీటీ ఇవ్వాలి. అందులో జీతం ఎంత, కోత ఎంత అని రాసి ఉండాలి.

కోతలన్నీ కలిపినా జీతంలో సగం దాటకూడదు.

అదనపు గంటలు పనిచేయిస్తే ఆ గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలి.

10 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట ఈఎస్ఐ వర్తిస్తుంది. 20 మంది, అంతకన్నా ఎక్కువ మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తుంది. ఈ రెండూ వేరే చట్టం కింద వస్తాయి.

తక్కువ జీతం ఇస్తే ఏం చేయాలి? కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ పెట్టాలి. 3 సంవత్సరాల లోపల పెట్టవచ్చు. లాయరు ఖర్చుకు భయపడవద్దు. ఆడవారికి ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలని 1987లో చేసిన చట్టం ఉంది. ఆస్తి ఉన్నా లేకపోయినా ఆడవారందరికీ ఇది వర్తిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

జీతం చీటీ చదువుదాం

పిల్ల మొదటి జీతం తెచ్చిన రోజున చీటీ చేతికి తీసుకోండి. ఒక్కొక్క మాట కూడబలుక్కుని చదవండి.

బేసిక్ అంటే మూల జీతం. చాలా లెక్కలకు ఇదే పునాది.

డీఏ అంటే కరువు భత్యం. ధరలు పెరిగినందుకు ఇచ్చేది.

హెచ్ఆర్ఏ అంటే ఇంటి అద్దె భత్యం. ఊరిని బట్టి మారుతుంది.

గ్రాస్ అంటే కోతలకు ముందు మొత్తం.

నెట్ అంటే కోతలు పోగా చేతికి వచ్చేది.

ఒక చోట చాలామంది బోల్తా పడతారు. సీటీసీ అనే మాట ఉంటుంది. అంటే ఆ ఉద్యోగి కోసం కంపెనీ పెట్టే ఖర్చంతా. యజమాని కట్టే పీఎఫ్ కూడా అందులో కలిపి చెబుతారు. కాబట్టి సీటీసీ ఎప్పుడూ చేతికి వచ్చే జీతం కన్నా పెద్ద అంకె. "సీటీసీ ఎంత?" అని ఆగిపోకండి. "నెట్ ఎంత?" అని అడగండి.

కొందరు యజమానులు మూల జీతం చాలా తక్కువ చూపించి మిగతాదంతా భత్యాలుగా రాసేవారు. దానివల్ల పీఎఫ్ తగ్గిపోయేది. కొత్త చట్టం దీనికి అడ్డుకట్ట వేసింది. ఇంటి అద్దె వంటి భత్యాలు మొత్తం జీతంలో సగం దాటితే, పైన ఉన్న భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి.

చేరకముందే అడగవలసినవి

అడగందే అమ్మయినా పెట్టదు అంటారు. ఉద్యోగంలో చేరకముందే ఇవి అడగాలి.

1. జీతం ఇచ్చేది కంపెనీయా, కాంట్రాక్టరా?
2. మూల జీతం ఎంత? చేతికి వచ్చేది ఎంత?
3. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? నంబర్లు ఎప్పుడు ఇస్తారు?
4. రోజుకు ఎన్ని గంటలు? వారంలో సెలవు ఏ రోజు?
5. జీతం ఏడాదికి ఎంత పెరుగుతుంది?
6. నియామక కాగితం ఇస్తారా?
7. ఇదే పని చేసే ఇతరులకు ఎంత ఇస్తున్నారు?

ఏడో ప్రశ్న అడగడానికి మొహమాటం వేస్తుంది. యజమానిని అడగలేకపోతే పనిచేసేవాళ్లను అడగండి. జీతం చెప్పుకోవడం తప్పు కాదు. కాయ ధర చెప్పుకోవడం తప్పా?

మనమే జీతం ఇచ్చేవాళ్లమైతే?

చివరగా ఒక మాట. ఇంతసేపు మనం జీతం పుచ్చుకునేవారి వైపు నుంచి చూశాం. కానీ మనం కూడా జీతం ఇస్తున్నాం. ఎవరికి? మన సంఘాల లెక్కలు రాసే వీవోఏకు.

2019లో 10,000 రూపాయలు చేసినప్పుడు 8,000 ప్రభుత్వం ఇవ్వాలని, 2,000 గ్రామ సమాఖ్య ఇవ్వాలని పెట్టారు. గ్రామ సమాఖ్య అంటే మనమే. ఆమె పుస్తకాలు రాస్తుంది. బ్యాంకుకు తిరుగుతుంది. వాయిదాల లెక్క చూస్తుంది. ఫోనులో వివరాలు ఎక్కిస్తుంది. మీటింగు పెడుతుంది. మన అప్పులో ఒక్క రూపాయి తేడా వచ్చినా ముందు ఆమెనే అడుగుతాం.

మన వాటా ఆమెకు ప్రతి నెలా అందుతోందా? తీర్మానం పుస్తకంలో రాస్తున్నామా? ఈసారి సమాఖ్య మీటింగులో పుస్తకం తెరిపించండి. ఆ పేజీ మీరే చదవండి. ఎవరో చదివి వినిపించవలసిన అవసరం ఇప్పుడు మీకు లేదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

మీ ఊళ్లో లెక్కలు రాసే పని చేసే ఆడవారు ఎంతమంది? వారికి జీతం చీటీ ఇస్తున్నారా?

ఒకే పనికి ఆడవారికి ఒక జీతం, మగవారికి ఒక జీతం ఇచ్చే చోటు మీకు తెలుసా?

అక్క ఉద్యోగం, చెల్లెలి ఉద్యోగం లెక్క మళ్లీ వేయండి. మీ ఇంటి బస్సు ఖర్చు, మీ ఇంటి పై ఖర్చులు పెట్టి వేయండి. ఎంత మిగిలింది?

మీ ఇంట్లో ఎవరిదైనా జీతం చీటీ ఉంటే తీయండి. అందులో బేసిక్ ఎక్కడ ఉంది? నెట్ ఎక్కడ ఉంది? రెండు అంకెలూ మీ పలక మీద రాయండి.